బల్లగుడ్డ మీది మాట

"వీపు బరువుగా ఉందే. కాస్త చేత్తో రాయి."

"ఆగండి. మధ్యలో లేస్తే లెక్క తప్పుద్ది."

మా ఆయనా నేనూ ఆఖరున అనుకున్న మాటలు ఇవే. మధ్యాహ్నం అన్నం తిని ఆయన అరుగు మీద మంచంలో వాలారు. నేను గడప దగ్గర లేసు అల్లుకుంటున్నాను. నాకు చదువు లేదు, సంతకం మటుకు వచ్చు. గొలుసు కుట్లన్నీ మనసులోనే లెక్కపెట్టుకోవాలి, ఎవరన్నా పలకరిస్తే మళ్ళీ మొదటికొస్తాను. ఆ వరస ముగించి లేచి వెళ్ళేసరికి ఆయనలో ఊపిరి లేదు. వీపు వెచ్చగానే ఉంది. రాశాను. చాలాసేపు రాశాను.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది మా వదిన, ఆయన అక్కగారు, పంతులమ్మ ఉద్యోగం చేసి దిగిపోయిన మనిషి. ఈవిడకు ఇన్నాళ్ళూ తెలిసిన సంగతి వేరు. వదినా, కలం ఆపకండి. ఆపితే నేను మళ్ళీ చెప్పలేను.

ఆ రోజు ఈవిడ రావులపాలెం నుంచి పరుగున వచ్చి నా భుజాలు పట్టుకుని కుదిపారు. "మా తమ్ముడు పోయేముందు ఏవన్నాడమ్మా? ఏదో ఒకటి అనే ఉంటాడు, చెప్పు!" ఇంటినిండా జనం. "ప్రభువా అన్నారండి" అని నా నోటికి వచ్చేసింది. ఆవిడ ఏడుపు ఆగింది. "అదృష్టవంతుడు" అన్నారు. సమాధి దగ్గర పాస్టరుగారు ఆ 'ప్రభువా' అన్న మాట మీదే ప్రసంగం చెప్పారు. అప్పటినుంచి చర్చిలో ఆడవాళ్ళు నా చెయ్యి పట్టుకుని 'అదృష్టవంతుడు' అనే అంటారు, నేను తల ఊపుతాను.

ఆయన పోయిన ఏడాదికి పెట్టే ప్రార్థన కూటానికి, ఆయన జ్ఞాపకంగా చర్చిలో ప్రభువు బల్ల మీదికి ఒక లేసు గుడ్డ ఇవ్వాలనుకున్నాను. వదిన 'ప్రభువా' అన్న మాటనే గళ్ళ కాగితం మీద పెద్ద అక్షరాలతో గీసి తెచ్చారు. నింపిన గడి దగ్గర నిండుగా, ఖాళీ గడి దగ్గర ఖాళీగా అల్లుకుంటూ పోతే అక్షరం దానంతటదే తేలుతుంది. చదవడం రానక్కర్లేదు.

అంచూ పువ్వులూ విడిగా అల్లి, చివర్న నడిమి ముక్కకు అతుకుతాం. అంచు మొదలెట్టానో లేదో ఈ వానలకు కీళ్ళ జ్వరం పట్టుకుంది. పొద్దున్నే వేళ్ళు ముడుచుకోవు. వేడినీళ్ళలో ముంచి, తుడుచుకుని, చెమటకు దారం మాసిపోకుండా పౌడరు రాసుకుని సూది పట్టేదాన్ని. ఒక రోజు రెండు వరసలు, ఒక రోజు అరవరస. ఒళ్ళు కాలిపోతున్న రోజున కూడా పువ్వు విడిచిపెట్టలేదు. అలా అంచు అయింది, మూలలకు నాలుగు పువ్వులూ అయ్యాయి. నడిమి ముక్కలో అక్షరాల దగ్గరకొచ్చేసరికి జ్వరం తగ్గింది. చెయ్యి ఆగింది.

పోయిన ఆదివారం వదిన వచ్చి చూశారు.

"ఏంటమ్మా, ఇంకా మొదటి అక్షరమేనా?"

"వేళ్ళు నెప్పులండి వదినా."

"టీ గ్లాసు బాగానే పట్టుకున్నావే! దానికి నెప్పుల్లేవా?"

ఇద్దరం నవ్వాం. ఆవిడ వెళ్ళాక ఆ అక్షరం కూడా విప్పేశాను. వారం రోజుల పని, దారం కొస పట్టుకుని లాగితే ఒళ్ళోకి వచ్చి పడింది. ఆ బల్ల మీద రొట్టె పెడతారు, ద్రాక్షరసం పెడతారు. నా అబద్ధం మీద పెట్టించలేను.

మీ తమ్ముడు మనసులో ఎవర్ని తలుచుకున్నారో నాకు తెలియదు వదినా. నోరు తెరిచి పిలిచింది నన్ను. నేను ఆగమన్నాను. ఈ సంగతి కూటానికి ముందే పాస్టరుగారికి కూడా చెప్పాలి. నాతో వస్తారో రారో మీ ఇష్టం. గుడ్డ నడిమి భాగం ఒట్టి గళ్ళతోనే అల్లేస్తాను, వేళ్ళు ఎలా ఉన్నా.

ఏడుస్తున్నారా? ఏడవండి. కాగితం తడవనివ్వకండి. అయ్యాక కళ్ళు తుడుచుకుని, ఒక్క మాట కూడా దాటెయ్యకుండా, మొదటినుంచి నాకు చదివి వినిపించండి.