కునియె వండిన చరిత్ర

కొండల్లోని కురొసావజుకు అనే పాత మజిలీ ఊరికి వచ్చేవాళ్లు తక్కువ. ఒకటే వీధి, రెండు వరసల చెక్క ఇళ్లు, పక్కన గలగలమని దూకే కాలువ. అయినా శనివారం పూట, ఎలుగుబంట్లు బెదిరిపోవాలని సంచులకు గంటలు కట్టుకుని, కనుమ దిగి పాత బాట వెంట నలుగురైదుగురు నడిచి వస్తారు. వాళ్లను వీధంతా తిప్పి చూపించే పని డెబ్బై ఆరేళ్ల కునియెది. ఎవరూ అప్పగించలేదు, తనే నెత్తికెత్తుకుంది.

ఆమె చెప్పే చరిత్రలో ముప్పాతిక వంతు ఆమె వండిందే. వీధి మలుపులో, పూర్వం ఈ బాటన ఊరేగింపుగా వెళ్లిన దొరగారి గుర్రం అలిగి మూడు రోజులు కదల్లేదంటుంది. తన గుమ్మం ముందున్న నల్లబండ మీద ఆయన పల్లకీ దించారంటుంది. ఎదురుగా దువ్వెనలు చేసే యసోకిచి ఇల్లు రాగానే మాత్రం "ఇక్కడేం జరగలేదు" అని చకచకా ముందుకు సాగిపోతుంది.

"ఏం వదినా, ఒక్క దొరైనా మా గడప తొక్కలేదా?" అని యసోకిచి వారం వారం దెప్పేవాడు.

"మీ తాత గురక విని దడుచుకుని పోయారయ్యా. అదే చెప్పమంటావా?"

ఆ ఆకురాలు కాలంలో ఒక శనివారం, అందరూ వెళ్లిపోయాక ఒక పొడుగాటి పెద్దమనిషి ఆ బండ మీదే కూర్చుండిపోయాడు. కునియె ఇచ్చిన బార్లీ టీ తాగి గొంతు సవరించుకున్నాడు.

"నా పేరు హిగాకి అమ్మా. కాలేజీలో చరిత్ర చెబుతాను. ముప్పై ఏళ్లుగా ఈ బాట గురించే చదువుతున్నాను. మీరు చెప్పిన దొర ఈ దారిన రానే లేదు."

ఎదురింట్లో దువ్వెన అరగదీసే చప్పుడు ఆగిపోయింది.

"ముప్పై ఏళ్లు చదివే బదులు ఒక్కసారి వచ్చి నన్నడిగితే పోయేది కదా మాస్టారూ," అంది కునియె.

"ఇప్పుడు అడుగుతున్నాను. ఏమిటీ బండ?"

కునియె వీధి అటూ ఇటూ చూసింది. "మా అత్త బట్టలుతికిన బండ," అంది.

మిగతాది తాలింపు లేకుండా చెప్పింది. నలభై ఏళ్ల కిందట రోడ్డు వెడల్పు చేస్తామని ఆఫీసరొకడు వచ్చి ఇళ్ల ముందు ఎర్ర మేకులు దిగగొట్టాడు. ఊరంతా తల వంచింది. ఆ ఏడాదే మొగుణ్ణి పోగొట్టుకున్న కునియెకు ఆ ఇల్లు తప్ప ఇంకేం లేదు. ఆఫీసరు బండ మీద బూటు పెట్టగానే, "దొరగారి పల్లకీ దించిన రాయి, కాలు తియ్యండి" అంది. అతను ఉలిక్కిపడి కాలు తీసి పుస్తకంలో రాసుకున్నాడు. వచ్చిన ప్రతిసారీ ఆమె ఇంకో కథ చెప్పింది. చివరికి ఈ వీధికి చరిత్ర ఉందని వదిలేసి, రోడ్డును ఏటికి అవతలి ఒడ్డున వేశారు.

"మళ్లీ వస్తారేమోనని చెబుతూ ఉన్నాను. తర్వాత నోటికి రుచి పట్టింది."

"మరి ఎదురింట్లో ఏమీ జరగలేదేం?"

"ఆ మహానుభావుడు అందరికంటే ముందు పరిహారం పుచ్చుకుని ఇల్లిచ్చేస్తానన్నాడు."

యసోకిచి చేతిలో ఆకురాయితోనే బయటికొచ్చాడు. "మా ఆవిడ పట్నంలో కాపురం పెడదామని పోరింది వదినా. నలభై ఏళ్లయింది. ఇంకెన్నాళ్లు సాధిస్తావ్?"

హిగాకి నవ్వాపుకుంటూ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. "ఈ ఎదురింటి సంగతి పాత దస్తావేజుల్లో ఉంది. వేరే దొర ఊరేగింపులో వచ్చిన వంటవాడు, ఆ ఇంటి పిల్ల కోసం కొలువు మానేసి ఇక్కడే ఉండిపోయాడు. మీ వంశానికి మూలపురుషుడు ఆయనే కావచ్చు."

యసోకిచి రొమ్ము రెండంగుళాలు పొంగింది. కునియె కాగితం లాక్కుని రెండుసార్లు చదివింది. తను వండిన వాటన్నిటికంటే ఇదే బాగుంది. అది మింగుడు పడడానికి ఆమెకు వారం పట్టింది.

తరవాతి శనివారం యసోకిచి తలకు నూనె రాసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. కునియె ఆగింది, వంటవాడి కథ ఉన్నదున్నట్టు చెప్పింది. వింటున్నవాళ్లలో ఒకామె అడిగింది, "ఆ పిల్ల మనసు దోచేలా అతనేం వండాడండీ?"

"పుట్టగొడుగుల పులుసు," అంది కునియె.

"కాల్చిన ఏటి చేప," అన్నాడు యసోకిచి, అదే క్షణంలో.

అడిగినామె రెండూ రాసుకుంది.