నాలుగు గుక్కల నీళ్లు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఇప్పుడు పళ్లన్నీ ఊడిపోయాయి గానీ అది మాత్రం ఊడలేదు. మా నాయనకు కోపమంటే ఏమిటో తెలియదు. నాకు మరీ మండేది అందుకే. ఎంత అరిచినా తిరిగి అరవని మనిషితో ఎలా పోట్లాడతాం చెప్పండి?

ధాత నామ సంవత్సరంలో మొదలైన కరువు తీరిన ఏడాది నాకు పధ్నాలుగేళ్లు. పెళ్లయింది గానీ ఇంకా కాపురానికి పోలేదు. ఆ కరువులో కోడల్ని పిలుచుకుని ఏ అత్త కూడు పెడుతుంది? అమ్మ అంతకుముందే పోయింది. ఉదయగిరి కొండ కింద ఆ ఇంట్లో నాయనా నేనూ ఇద్దరమే.

పన్నెండు పశువులున్న కొట్టం ఖాళీ అయిపోయింది. మిగిలిందల్లా ఒక పెయ్యదూడ. కరువు ముదరకముందే నాయన దాన్ని మర్రిపాడు అవతల మేనత్త ఊరికి తోలాడు, అక్కడ వంక పక్కన కాస్త పచ్చిక ఉందని. మేం మళ్లీ పాడి చూడాలన్నా, మా మడక దున్నే ఎద్దులు పుట్టాలన్నా అదొక్కటే దిక్కు. ఆ మాట నాయన ఏనాడూ పైకి అనలేదు. దాని పలుపు మాత్రం గుంజకు వేలాడుతూ ఉండేది. రోజూ ఒకసారి దాన్ని తడిమి వచ్చేవాడు.

మా దిక్కున వాన పడి బావిలో నీళ్లు ఊరాయి. అదే సమయానికి మేనత్త ఊళ్లో వంక పూర్తిగా ఎండిపోయిందని కబురొచ్చింది. నాయన పోయి దూడను తోలుకొచ్చాడు. రెండు రోజుల నడక, దారిలో దానికి పట్టడానికి చుక్క నీళ్లు లేవు. మిట్టమధ్యాహ్నం వాకిట్లో నిలబడ్డ ఇద్దరినీ చూస్తే ఎవరు ఎవర్ని తోలుకొచ్చారో నాకు అర్థం కాలేదు.

"ముందర ఉప్పు నాకించు," అన్నాడు నాయన. "ఆమీట నాలుగంటే నాలుగు గుక్కలు తాగనిచ్చి, మూతి పక్కకు లాగు. రొంచేపు ఆగి మళ్లా నాలుగు. పొద్దుగూకేదాకా అట్టనే."

"దాహంతో అల్లాడతా ఉండాది గదా నాయనా!"

"అందుకే చెప్తా ఉండా."

తనూ ముంతలోంచి నాలుగు గుక్కలే తాగి, అరుగు మీద ఒరిగి నిద్రపోయాడు. మెట్టసీమలో పశువుల్ని తోలుకు తిరిగేవాళ్లందరిదీ అదే పద్ధతి. ఎందుకని అడిగితే "అంతే" అనేవాళ్లు. 'అంతే' అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దూడ నా చెయ్యి నాకింది. దాని నాలుక ఎండిన పీచులా గరుకుగా ఉంది. నా గుండె నీరైపోయింది. ఉప్పూ లేదు, గిప్పూ లేదు, "చాల్లే నీ పద్ధతి" అని నిద్రపోతున్న నాయన మీద పళ్లు నూరి, తొట్టి నిండా నీళ్లు తోడి దాని ముందుంచాను. అడుగు కనిపించేదాకా తాగింది. నాకెంత తృప్తిగా ఉందో!

పందిరి నీడ జానెడు జరిగిందో లేదో, దూడ తూలింది. ముందుకాళ్లు మడిచి కూలబడి, ఉచ్చ పోసింది. అది పారాణి కలిపినట్టు ఎర్రగా ఉంది.

నా కేకకు నాయన లేచొచ్చాడు. పక్కింటి అవ్వా వచ్చింది.

"నీళ్లు ఎంత తాగించినావమ్మా?" అన్నాడు నాయన.

"నువ్వు చెప్పినట్టే. నాలుగు గుక్కలే."

భయపడి చెప్పిన అబద్ధం కాదు అది. రోషం. తప్పొప్పుకోవడం నా ఒంట్లో లేదు.

"అయితే రక్తపింజరే, ఇంకేందిరా! దోవలో యాడనో కరిసుంటాది," అంది అవ్వ. "పసరు తాపించు. కడివెడు నీళ్లలో కలిపి తాపించాల. ఇసం కడిగేసుకుపోవాల."

నాయన దడి దగ్గరికి ఉరికి ఆకు దూసుకొచ్చి నూరాడు. కడవలో కలిపాడు. దూడ తల ఒళ్లో పెట్టుకుని, దాని దవడలో వెదురు గొట్టం దూర్చాడు. పసరునీళ్లు పోయడానికి కడవ వంచాడు. ఇంకో కడివెడు నీళ్లు పోతే దూడ దక్కదని అప్పుడు తట్టింది నాకు.

"వద్దు నాయనా!" అని కడవ మీద పడ్డాను. "తొట్టెడు తాగించినా! ఉప్పు గూడా నాకించలా!"

నాయన నా వంక చూశాడు. ఒక్క క్షణమే. "ఉప్పు బాన తే," అన్నాడు.

అర ముంత నీళ్లలో చిక్కగా ఉప్పు కరిగించి, కొంచెం కొంచెంగా గొట్టంతో పోశాడు. ఎండ దిగేదాకా దాని డొక్క నిమురుతూనే ఉన్నాడు. నేను ఎదురుగా కూర్చుని, నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను, తెలియని వాళ్లక్కూడా. సాయంత్రానికి దూడ తల ఎత్తింది. తర్వాత లేచి నిలబడి, నాయన తలగుడ్డ నమలడం మొదలుపెట్టింది.

"తిట్టు నాయనా," అన్నాను ఏడుస్తూ.

"దూడ లేసింది గదమ్మా," అన్నాడు.

మరుసటేడు నాయన మడమలో తుమ్మముల్లు విరిగి చీము పడితే, బండి కట్టించుకుని ఆత్మకూరు ఆసుపత్రికి పోయాం. అక్కడి వైద్యుడు కోసి కట్టు కడుతుంటే నెత్తురు కారింది. నా నోరు ఊరుకోదు గదా, దూడ ఎర్రగా పోసిన సంగతంతా చెప్పి, ఎందుకట్లా అయిందని అడిగాను. ఆయన నవ్వి రెండు గాజు గ్లాసులు తెచ్చాడు. ఒకదాంట్లో ఉత్త నీళ్లు. రెండోదాంట్లో కన్నీళ్లంత ఉప్పగా కలిపిన నీళ్లు. రెండింట్లోనూ నాయన నెత్తురు తలా నాలుగు చుక్కలు వేశాడు. ఉప్పునీళ్లు మబ్బుగా ఉండిపోయాయి. ఉత్త నీళ్లు మాత్రం ఎర్రగా, అవతల పెట్టిన కాగితం మీది అక్షరాలు కనపడేటంత తేటగా మారాయి.

"నెత్తురులో కంటికి ఆనని గింజలుంటాయమ్మా," అన్నాడాయన. "ప్రతి గింజకూ పలచని పొర ఉంటుంది. ఆ పొర నీళ్లను దాటనిస్తుంది, ఉప్పును అంత సులువుగా దాటనివ్వదు. నీ దూడ ఒక్కసారిగా తొట్టెడు తాగినట్టు తాగి బయట ఉప్పు పలచబడితే, చిక్కగా ఉన్న లోపలికి నీళ్లు చొరబడతాయి. గింజ ఉబ్బి పగులుతుంది. దాని ఎరుపే ఇది, నీ దూడ ఉచ్చలో వచ్చిందీ అదే. బయట కూడా తగినంత ఉప్పు ఉంటే గింజకు ఏమీ కాదు."

'అంతే' అనకుండా జవాబు చెప్పిన మొదటి మనిషి ఆయనే. దణ్ణం పెట్టాను. నాయన ఆ ఎర్రటి గ్లాసును చాలాసేపు చూసి, "పాపం, అంత చిన్న గింజకు మాత్రం ఎంత పడుతుందిలే," అన్నాడు.

ఇంటికి తిరిగొస్తుంటే బండిలో ఆ ఎరుపే నా కళ్ల ముందు ఆడింది. ఏడాదిగా మనసులో దాచుకున్న మాట అప్పుడు అడిగాను.

"ఆ పొద్దు తొట్టి ఖాళీగా ఉండాది గదా. నువ్వు చూళ్లేదా నాయనా?"

"చూసినా."

"మరి పసరు ఎందుకు నూరినావు?"

నాయన నా ప్రశ్నే అర్థం కానట్టు నా మొహంలోకి చూశాడు.

"నాలుగు గుక్కలే అని నువ్వు చెప్పినావు గదమ్మా."

ఇల్లు చేరేదాకా నేను మోకాళ్ల మీంచి తల ఎత్తలేదు. నాయన నాకు ఒళ్లు బాగాలేదనుకుని, దారి పొడవునా తన పైగుడ్డ నా తల మీద నీడగా పట్టుకున్నాడు.