గోలు వెనక నిలబడ్డాను

నా బావగారితో నేను ఎదురుగా మాట్లాడింది ఒక్కసారే. అదీ బరంపురం మైదానంలో, అందరూ వింటుండగా, నోరు ముయ్యమని. నాకు రాత రాదు. ఇది రాస్తున్నది ఆయన మనవరాలే. ఒక్క ముక్క తగ్గించొద్దన్నాను.

కొత్త ఒరిస్సా ప్రావిన్సు వచ్చిన రోజులవి. నా భర్త అప్పటికే పోయాడు. నేనూ నా కొడుకూ బావగారింట్లో వెనక గదిలో ఉండేవాళ్ళం. భర్త అన్నగారి ఎదుట పడకూడదు కదా, ఏం కావాలన్నా తలుపు చాటున నిలబడి గోడకు చెప్పేదాన్ని. ఆయనా గోడకే జవాబిచ్చేవారు.

నా కొడుక్కి పదిహేనేళ్ళు. స్కూలు ఫుట్‌బాల్ జట్టులో గోలు కాసేవాడు. కీళ్ళ జ్వరం వచ్చి గుండె చెడింది. కాళ్ళు వాచాయి. గుమ్మం దాటితే ఆయాసం. డాక్టరు మందులు మార్చడం మానేసి, ఏం అడిగితే అది పెట్టమన్నాడు. వాడు తిండి అడగలేదు.

"అమా, ఒక్కపాలి గోల్లో నిలబడతాను. గట్టిగా తన్నిన బంతి ఒక్కటి ఆపాల."

గోడకు చెప్పాను. బావగారు ఒప్పుకున్నారు. మంచి మనసని ఊళ్ళో ఇప్పటికీ అంటారు. మనసూ లేదు, మట్టీ లేదు. కొత్త ప్రావిన్సు ఆఫీసర్లు ఊళ్ళోకి దిగారు. జబ్బు పిల్లాడి కోసం తెలుగు షావుకారు ఆట పెట్టించాడంటే వాళ్ళొచ్చి కుర్చీల్లో కూర్చుంటారు, అదీ ఆయనకు కావలసింది. అస్కా నుంచి ఒడియా కుర్రాళ్ళ జట్టును పిలిపించారు. షామియానా వేయించారు. ఆడబోయేవాడి మెళ్ళో చామంతి దండ వేయించారు! నా కొడుకు దాన్ని తెంపి పారేశాడు.

విధవ ముఖం ఆటకు ఎదురు రాకూడదని నన్ను గోలు వెనక్కి పొమ్మన్నారు. మంచిదే అయింది. అందరికంటే నేనే వాడికి దగ్గర.

అస్కా కుర్రాళ్ళు వచ్చి బంతిని మెల్లగా దొర్లించారు. వాడు వంగి తీసుకున్నాడు. కుర్చీల్లో చప్పట్లు. మళ్ళీ దొర్లించారు, మళ్ళీ చప్పట్లు. అలా ఆడమని బావగారు ముందే చెప్పి ఉంచారు.

వాడు నా వైపు తిరిగాడు. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఏటే అమా ఇది? పాకే పిల్లడికి దొర్లించినట్టు దొర్లిస్తన్నారు. నానప్పుడే సచ్చిపోనాననుకుంటన్నారేటి?"

అస్కా జట్టులో ఒక పొడుగాటి కుర్రాడుంటే వాణ్ణి కేకేశాను. "ఒరే, నీ కాల్లో బలం నేదేటి? గట్టిగా తన్ను!"

"మావుసీ, షావుకారు వద్దన్నారు," అన్నాడు. మావుసీ అంటే వాళ్ళ మాటలో పిన్ని.

బావగారు కుర్చీలోంచి లేచారు. "దాన్నవతలికి లాక్కెల్లండ్రా! మెల్లగా ఆడండి, మెల్లగా!"

అక్కడ గోడ లేదు. నేను ముసుగు తీసేశాను.

"నోరు ముయ్యి బావా! ఆట నీది కాదు, నా కొడుకుది. కుర్చీల్లో కూకున్నోళ్ళకి సూపించడానికి ఇంకో బొమ్మని తెచ్చుకో!"

నన్ను లాగడానికి ఒక్కరూ ముందుకు రాలేదు. పొడుగాటి కుర్రాడు నన్ను చూశాడు, తర్వాత నా కొడుకుని చూశాడు. నా కొడుకు చేతులు చాచి, "రారా!" అన్నాడు.

కుర్రాడు వెనక్కి వెళ్ళి పరుగెత్తుకొచ్చి తన్నాడు. బంతి సూటిగా వచ్చి రొమ్ముకు తగిలింది. నా కొడుకు దాన్ని రెండు చేతులా కరుచుకుని వెల్లకిలా పడ్డాడు. వదల్లేదు. ఊపిరి అందక ఎగరొప్పుతూనే నవ్వుతున్నాడు. నేనూ ఆ కుర్రాడూ కలిసి వాణ్ణి బండి దాకా మోశాం.

నెల తిరక్కుండా పోయాడు. శవం ఇంట్లో ఉండగానే బావగారు మళ్ళీ గోడకు చెప్పారు. "ఆ బంతి తగిలే పోనాడు. తల్లే సంపించింది." ఊళ్ళో చాలామంది నమ్మారు. నమ్మనీ. డాక్టరు ముందే చేతులెత్తేసిన సంగతి ఒక్కరికీ గుర్తు రాలేదు.

బంతి తగిలిన చోట రొమ్ము కమిలింది. వాడు రోజూ పొద్దున్నే అద్దం తెమ్మని, చొక్కా విప్పి ఆ మచ్చ చూసుకునేవాడు. పోయే ముందు వారం అద్దం నా చేతికిచ్చేసి ముఖం ముడుచుకున్నాడు.

"అమా, తగ్గిపోతందే."