నేస్తం తిరిగొచ్చిన రెండో భాగం

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా అక్క మనవరాలూ నేనూ కలిసి ఒక థాయిలాండ్ సీరియల్ రెండో భాగం ఆఖరి ఎపిసోడ్ చూశాం. ఈ మాట చెబితే మన ఈడు వాళ్లు నవ్వుతారని తెలుసు. అది ఇద్దరు మగపిల్లలు ఒకరినొకరు ప్రేమించుకునే కథ అని కూడా చెబితే కొందరు నవ్వడం మానేసి మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనివ్వండి. ఆ పిల్ల కాలేజీ చదువు కోసం బరంపురంలో నా దగ్గరే ఉంటోంది. అది తన ఫోనులో మొదటి భాగం చూస్తుంటే పక్కన కూర్చున్న పాపానికి నేనూ కళ్లజోడు సర్దుకుని, కింద ఇంగ్లీషులో పడే మాటలు చదువుకుంటూ చూడడం మొదలుపెట్టాను.

మొదటి భాగం ఎంత బాగుందనుకున్నారు! సముద్రం పక్కన చిన్న ఊరు, ఒక కుర్రాడు తల్లి నడిపే నూడుల్స్ కొట్లో గిన్నెలు కడుగుతాడు, ఇంకొకడు పడవల ఇంజన్లు బాగుచేస్తాడు, ఇద్దరూ పని అయ్యాక రేవు మెట్ల మీద కూర్చుని ఒకే గిన్నెలో తింటారు. పెద్దగా మాట్లాడుకోరు కూడా. అలాంటి కథకి రెండో భాగం వస్తోందంటే మేమిద్దరం ఎదురుచూడని రోజు లేదు. తీరా వచ్చాక చూస్తే మొహాలు అవే, రేవు అదే, మనుషులే వేరు. సందర్భం ఉన్నా లేకపోయినా ఏదో కూల్‌డ్రింకు సీసా పట్టుకుని దాని రుచి పొగుడుతారు. డబ్బున్న అమ్మాయి ఒకతె ఎందుకొస్తుందో తెలియకుండా వస్తుంది. ఇంజన్ల కుర్రాడు పట్నం వెళ్లి వచ్చి, అదే మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటాడు. ఆఖరికి చేతులు ఊపుకుని ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతే, ఆ పైన ఒక పాట వేశారు.

"ఆళ్ల దగ్గర కథ నేదు తాతా, ఊరికే సాగదీసేరు" అని మా మనవరాలు ఫోను మంచం మీద పడేసింది. తర్వాత నా వైపు చూసి, "ఏటి తాతా, ఏడస్తన్నావా?" అంది. ఇంత పేలవమైన కథకి ఏడ్చే మనిషిని అది అంతవరకూ చూసి ఉండదు.

నాకు బరంపురం స్టేషన్లో పార్సిల్ ఆఫీసు ఉద్యోగం వచ్చిన కొత్తల్లో, టికెట్లిచ్చే కిటికీ వెనక నా ఈడువాడే ఒకడు చేరాడు. మాలాగే వాళ్లూ శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పని కోసం వచ్చి బరంపురం గోసాని నువాగాం పేటలో ఉండిపోయినవాళ్లే. గోపాలపూర్ నుంచి మంచులో పెట్టిన చేపల బుట్టలు కలకత్తా బండికి ఎక్కించేవాళ్లం, వాటి నీళ్లు కారి నా బట్టలు ఎప్పుడూ నీచు కంపు కొట్టేవి. మిగతా గుమాస్తాలు టీ తాగేటప్పుడు నాకు కాస్త ఎడంగా జరిగేవారు. అతను మాత్రం డ్యూటీ దిగగానే వచ్చి నా భుజానికి భుజం ఆనించి బెంచీ మీద కూర్చునేవాడు, తన ఆకులో ఘుగుని, అదే బఠాణీల కూర, సగం నాకు తోసేవాడు. ఒకరి డ్యూటీ ఆలస్యమైతే రెండోవాడు ఇంటికి వెళ్లేవాడు కాదు. దాన్ని ప్రేమ అనాలని అప్పుడు మాకు తెలియదు, తెలిసినా అనే ధైర్యం ఎక్కడిది?

మా అమ్మకి ఏం అర్థమైందో ఇప్పటికీ చెప్పలేను గానీ, ఒక ఏడు రథయాత్ర పండగ వెళ్లాక ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టి, "ఇంతలా తిరగతన్నారు, నేస్తం కట్టీసుకోండిరా, ఎవులూ ఏటీ అనరు" అంది. మన వైపు నేస్తం కట్టడమంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు, ఈ కాలం పిల్లలకే చెప్పాలి. పూరీ నుంచి తెచ్చిన జగన్నాథుడి ఎండు ప్రసాదం ఒకరి నోట్లో ఒకరం పెట్టుకున్నాం, కొత్త తువ్వాళ్లు మార్చుకున్నాం, ఆ రోజు నుంచి రెండిళ్లూ చుట్టాలైపోయాయి. అప్పట్నుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు, నేస్తం అనే పిలవాలి. పేరు పెట్టి పిలిస్తే ఆ కట్టు తెగిపోతుందని అమ్మ గట్టిగా చెప్పింది. నాకు ఆ నియమం కష్టమనిపించలేదు సరికదా, లోకంలో నన్ను అలా పిలిచే మనిషి ఒక్కడే ఉన్నాడన్న ధీమాతో తిరిగేవాణ్ణి.

తర్వాత నేస్తానికి పెళ్లయింది, బిలాస్‌పూర్ బదిలీ అయింది. నాకు ఎన్ని సంబంధాలు చూసినా మనసు ఒప్పలేదు. వెళ్లేముందు గోపాలపూర్ లైట్‌హౌస్ కింద ఇసకలో కూర్చుని, "ఉద్యోగాలైపోయాక ఇక్కడే ఒక ఇల్లు తీసుకుందాం నేస్తం, నువ్వు వండు, నేను తింటాను" అని నవ్వాడు. నవ్వుతూ అన్నా నేను నిజమనే పట్టుకున్నాను. చేపల కూర వండడం నేర్చుకున్నది అందుకే, ఇంట్లో తినేవాళ్లెవరూ లేకపోయినా.

ఉద్యోగం అయిపోయాక అతను నిజంగానే బరంపురం వచ్చాడు, కొడుకు కట్టిన ఇంటికి. ఇక మా ఇంటికి రోజూ రావడం మొదలెడతాడనుకున్నాను. మోకాళ్ల నొప్పులన్నాడు, మనవడి ట్యూషనన్నాడు. ఎన్నాళ్లో అడగ్గా అడగ్గా ఒక రోజు గోపాలపూర్ వచ్చాడు. అదే లైట్‌హౌస్ కింద ప్లాస్టిక్ కుర్చీలు వేయించుకుని కూర్చున్నాం. నేను డబ్బాలో తెచ్చిన చేపల కూర మూత తీస్తే, డాక్టరు వద్దన్నాడని మళ్లీ పెట్టేశాడు. ఆ ఇంటి మాట ఎలా ఎత్తాలా అని నేను లోపల సర్దుకుంటున్నానో లేదో, కొడుకు ఫోను చేశాడు. అతను లేచి చొక్కాకంటిన ఇసక దులుపుకుని, నన్ను పేరు పెట్టి, చివర గారు కూడా చేర్చి, ఇక బయల్దేరదామా అన్నాడు.

కోపంతో అనలేదు, ఏ ఉద్దేశమూ లేదు. ఇన్నేళ్లు పరాయి ఊళ్లో అందరినీ అలాగే పిలిచి పిలిచి మరిచిపోయాడంతే. నేను కూర డబ్బా సంచిలో పెట్టుకుని లేచాను. బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చాం, అతను దారి పొడుగునా సుగర్ మాత్రల గురించి చెప్పాడు, నేను ఊఁ కొట్టాను.

పోయిన వానాకాలంలో నేస్తం చనిపోయాడు. నేస్తం పోతే ఇంటి మనిషి పోయినట్టే మైల పట్టాలి, పదో రోజు వాళ్లతో కలిసి స్నానం చెయ్యాలి. నేను తువ్వాలు భుజాన వేసుకుని వెళితే, కొడుకు చాలా మర్యాదగా కుర్చీ వేసి, వచ్చినవాళ్లకి నన్ను నాన్నతో కలిసి పనిచేసినాయన అని పరిచయం చేశాడు. తప్పు ఆ అబ్బాయిది కాదు, ఆ ఇంట్లో నేస్తమన్న మాట ఎప్పుడూ వినపడి ఉండదు. స్నానం నేను మా ఇంట్లో నూతి దగ్గర చేశాను.

ఇదంతా మొన్న మనవరాలికి చెప్పాను. ఫోను పక్కన పెట్టి విన్నది. ఈ రోజుల్లో ఇద్దరు కుర్రాళ్లు తెర మీద చేతులు పట్టుకుని ప్రేమ అని పైకి చెప్పుకుంటుంటే ఊళ్లూ దేశాలూ చూస్తున్నాయి, నాకు సంతోషమే. కానీ మా ఇద్దరినీ పదిమందిలో పక్కపక్కన కూర్చోబెట్టిన ఆ నేస్తాన్ని ఇప్పుడు మా వీధిలో కట్టేవాళ్లూ లేరు, ఆ మాటకి అర్థం చెప్పేవాళ్లూ లేరు. ఆ గోపాలపూర్ ప్రయాణం జరక్కపోయి ఉంటే బాగుండునని చాలాకాలం అనుకున్నాను. ఇప్పుడు అనుకోను. ప్లాస్టిక్ కుర్చీలతో, సుగర్ మాత్రలతో, మా రెండో భాగం ఎంత పేలవంగా ఉన్నా ఎవరైనా మళ్లీ ఒక్కసారి వేస్తానంటే మొదటి బస్సుకే వెళ్లి కూర్చుంటాను.

అంతా విన్నాక, "ఆ తాత పేరేటి తాతా?" అని అడిగింది మనవరాలు. నోరు తెరిచాను గానీ చెప్పలేదు. ఇంత రాశాను, ఇక్కడా రాయలేదు. తన వైపు నుంచి తెలియక తెంపేసి వెళ్లిపోయాడు, నా వైపు కట్టు ఇంకా అలాగే ఉంది.