ఖలీల్ సాబ్ తప్పు ఒప్పుకున్న రోజు

వేడెక్కిన రాగి తీగ వాసన తగిలితే నాకు ఖలీల్ సాబ్ గుర్తొస్తారు. నిన్న ఆఫీసులో ఓ స్విచ్ బోర్డు విప్పుతుంటే అదే వాసన వచ్చింది. మొఘల్‌పురాలో మోటార్లు బాగుచేసే ఆ పెద్దమనిషి ఇప్పుడు లేరు.

అప్పట్లో నేను సైదాబాద్‌లోని ఒక వృద్ధాశ్రమంలో కొత్తగా చేరిన ఎలక్ట్రికల్ ఇంజినీరుని. అక్కడి తోటలో గడ్డి కోయడానికి, మట్టి మోయడానికి బ్యాటరీలతో నడిచే చిన్న ట్రాక్టరు ఉండేది. ఎవరో దాత ఎప్పుడో విదేశం నుంచి తెప్పించింది. నాకన్నా వయసులో పెద్దది. నడిపేది మల్లమ్మ. మోకాళ్లు అరిగిపోయిన బక్కపలచని మనిషి. ఆ బండి ఉంటేనే ఆమెకు తోటపని. అది మాటిమాటికీ ఆగిపోతుంటే నేను నిలబెట్టి పరీక్షించాను. బ్యాటరీలు నిండుగా ఉన్నాయి, మోటారు బాగుంది. నడిపే మనిషికి చేతకాకే ఆగుతోందని రిపోర్టు రాసిచ్చాను. ఆమెను మాన్పిద్దామన్న మాట మొదలైంది.

చివరి ప్రయత్నంగా మేనేజరు ఖలీల్ సాబ్‌ను పిలిపించారు. ఆయన మల్లమ్మను బండి నడపమని, పక్కనే నడుస్తూ ఒక్కొక్క వైరు దగ్గరా మీటరు పెట్టారు.

"నిలబడ్డ బండిని చూస్తే ఏం తెలుస్తది బేటా? బరువు గుంజేటప్పుడు చూడాలె" అన్నారు నాతో.

ఒక అతుకు కింద పచ్చటి చిలుము కనిపించింది. కోసేసి కొత్తది వేశారు. బండి పరుగెత్తింది.

"సాబ్, మూలకాడ మలిపేటప్పుడే ఆగుతది" అంది మల్లమ్మ.

"ఇగ ఆగదమ్మా, ఫికర్ చెయ్యకు."

మూడో రోజు అదే మూలలో ఆగింది. నా రిపోర్టే నిజమైందని లోలోపల సంతోషించాను. చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది, కానీ అదే నిజం.

ఖలీల్ సాబ్ వచ్చి బండి పక్కన నేల మీద కూర్చున్నారు. "అమ్మా, మొన్న నువ్వేదో చెప్పినవ్. మళ్ల చెప్పు."

"మలిపేటప్పుడు నేనిట్ల పక్కకు ఒరుగుత గదా సాబ్, గప్పుడే."

ఆయన నన్ను ఎక్కించి అదే మూల తిప్పించారు. ఆగలేదు. నన్నూ, ఆమెనూ మార్చి మార్చి చూసి, గబుక్కున సీటు ఎత్తారు. దాని కింద ఒక స్విచ్చు ఉంది. సీటులో మనిషి లేకపోతే కరెంటు ఆపేది. స్ప్రింగు తుప్పుపట్టి గట్టిపడింది. నా బరువుకు అణిగింది. తేలికపాటి మల్లమ్మ ఒరిగినప్పుడల్లా పైకి లేచి కరెంటు ఆపేస్తోంది.

స్ప్రింగు మార్చాక, ఖలీల్ సాబ్ మేనేజరు ఎదుటే అన్నారు: "గల్తీ నాది. ఈ అమ్మ మొదటి రోజే చెప్పింది. నేను మీటర్ మాట విన్న, ఆమె మాట వినలే."

నా రిపోర్టు గురించి ఒక్క మాట అనలేదు. తిట్టినా అంత గుచ్చుకునేది కాదు. ఆ సాయంత్రమే దాన్ని వెనక్కి తీసుకుని, లోపం బండిదేనని కొత్తది రాశాను.

"జర చదివి వినిపియ్యి మేడం" అంది మల్లమ్మ. చదివాను. "ఇంకోపారి చదువు" అంది.

ఇప్పటికీ ఏ యంత్రం దగ్గరికి వెళ్లినా ముందు దాన్ని నడిపే మనిషిని అడుగుతాను. చెప్పింది చెప్పినట్టు రాసుకుని, వాళ్లకే చదివి వినిపిస్తాను. అవునన్నాకే మూత విప్పుతాను.