బల్ల మీద మారిన సూది

సూదిని ఎవరి చేతికీ ఇవ్వకూడదు. కింద పెడితే ఎదుటివాళ్లు తీసుకోవాలి. చేతికిస్తే పోట్లాటలొస్తాయని మా వైపు నమ్మకం. ఆ ఆచారం పాటించినందుకే నేను ఒక సూది కోసం మూడు ఊళ్లు తిరిగాను. అప్పుడు ఇంట్లో నా మొర ఎవరూ వినలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

పందొమ్మిదివందల నలభైల చివర, నైజాం నాటి గొడవలు సద్దుమణిగి బస్సులు మళ్లీ సరిగ్గా తిరుగుతున్న రోజులవి. సూర్యాపేటలో మా అత్తగారింటి వసారాలో ఒక మూల నా కుట్టుమిషన్ ఉండేది. మా అమ్మ ఏళ్ల తరబడి వాడి నాకిచ్చిన పాత మిషన్. కింది దారం కండె పడవలాంటి షటిల్లో అటూ ఇటూ ఊగేది. ఆ మూల మీద మా తోటికోడలికి కన్ను. కొత్త వడ్లు ఇంటికొచ్చేలోగా మిషన్ కుట్టకపోతే దాన్ని అటకెక్కించి, అక్కడ వడ్ల గుమ్మి పెట్టుకునేలా అత్తగారి దగ్గర మాట తీసుకుంది. ఎందుకంటే అప్పటికే నా సూది మొన మొద్దుబారి, గుడ్డను పీకుతోంది.

బజారులో దారాలు, గుండీలు అమ్మే సావుకారు దగ్గరికి వెళ్లి, నమూనాగా నా సూదిని బల్ల మీద పెట్టాను. ఆయన తన సూదొకటి పక్కన పెట్టాడు. పొడవు కలవలేదు.

"మీ మిషిని తాతల నాటిదమ్మా. పాత ఇనుము కింద అమ్ముకోరాదూ?" అన్నాడు.

ఆ మాట మరిచిపోలేదు, మరవను కూడా. కోపంగా బల్ల మీది సూది తీసుకుని కొంగుకు గుచ్చుకుని వచ్చేశాను. మొద్దు సూది కొంగులో అంత నున్నగా ఎలా దిగిందో ఆ కోపంలో తట్టలేదు.

ఆ తరవాత పుట్టింటికి మిర్యాలగూడ వెళ్లినప్పుడు అక్కడి కొట్టులో చూపించాను. "అచ్చం గిసొంటిదే ఉన్నది" అని తీసి బల్ల మీద పెట్టారు. సంబరంగా తెచ్చి బిగించాను. చక్రం తిరుగుతోంది, సూది దిగుతోంది, లేస్తోంది. కుట్టు మాత్రం పడదు. గుడ్డ పొడవునా చిల్లులే.

తోటికోడలు ఆ గుడ్డను వెలుతురుకు పట్టి చూసింది.

"జల్లెడ మంచిగ చేసినవ్ చెల్లె. పిండి జల్లిద్దామా?"

"నవ్వు అక్కా, నవ్వు. కుట్టినంక సూస్త నీ సంగతి."

"గుమ్మి అల్లేటోనికి కబురు పెట్టిన. ఇగ నీ ఇష్టం."

పాత సూదే నయమని కొంగు నుంచి తీయబోతే మొన కసుక్కున వేలికి దిగింది. నా సూదికి అంత మొన ఎక్కడిది? తిప్పి చూస్తే తల ఒక పక్క చెక్కినట్టు బల్లపరుపుగా ఉంది. నా సూది తల చుట్టూ గుండ్రం. అంటే ఆ రోజు బల్ల మీద సావుకారు తన సూదిని నాకు వదిలి, నాదాన్ని డబ్బాలో వేసుకున్నాడు! మిర్యాలగూడలో జత కుదిరింది ఆయన సూదికి. పొడవు కలవని సూదితో దారం షటిల్‌కు అందక కుట్టు పడలేదన్నమాట.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆయన కొట్టు మెట్ల మీద కూర్చున్నాను.

"సావుకారీ, నా సూది నాకియ్యి."

"మొద్దు సూది నేనేం జేసుకుంటనమ్మా? లెవ్వు, గిరాకీ వచ్చే యాళ్ల."

"రానియ్యి. వాళ్లకు సుత చెప్త."

చెప్పాను. వచ్చిన ప్రతి ఆడమనిషికీ మొదటి నుంచీ చెప్పాను. విన్నవాళ్లు పోకుండా నా పక్కనే కూర్చున్నారు. చివరికి ఆయన విసుగెత్తి డబ్బా మొత్తం కుమ్మరించి వెతికాడు. దొరికింది. మొద్దు మొన, గుండ్రటి తల. అలవాటుగా బల్ల మీద పెట్టబోతుంటే ఆయన వేళ్లలోంచే లాక్కున్నాను.

"అయ్యో, చేతికి తీసుకుంటే పంచాది అయితదమ్మా!"

"పొద్దటి సంది అయ్యేది పంచాది కాదా?"

మెట్ల మీద అందరూ పకపకా నవ్వారు. ఆయనా నవ్వాడు. "గుండ్రం తలవి బెజవాడ సరుకు. కోదాడల దొరుకుతయేమో సూడు" అన్నాడు.

మా ఆయనను వెంటబెట్టుకుని కోదాడ బస్సెక్కాను. అక్కడి కొట్టులో నా సూదిని చేతిలోంచి వదల్లేదు.

"ఇలా పెట్టండమ్మా, చూస్తాను" అన్నాడు కొట్టతను.

"నేనే పట్టుకుంట. నీది పక్కన పెట్టి సూడు."

"మీ సూదిని నేనేం మింగేయనండీ!"

"ఇంతకుముందు ఒకాయన మింగిండు."

తల, పొడవు, కన్ను మూడూ కలిశాయి.

గుమ్మి ఇంటికొచ్చిన రోజు నా మిషన్ టకటకా కుడుతోంది. గుమ్మి వంటింటి పక్కకు పోయింది. సాయంత్రం తోటికోడలు రవిక గుడ్డ తెచ్చి నా ముందు పెట్టింది.

"జల్లెడనా అక్కా, రవికనా?"

"రవికనే కుట్టవే తల్లీ!"

కుట్టాను. చిల్లుల గుడ్డను మాత్రం మడిచి మిషన్ సొరుగులో దాచాను. ఆమె పిండి జల్లించడానికి కూర్చున్నప్పుడల్లా దాన్ని తీసుకెళ్లి ఇచ్చేదాన్ని.