షెడ్డు ముందు కూర్చున్నట్టు

ఇప్పుడు కిలో చింతపండు ఆర్డరు పెట్టినా అది ఏ ఊళ్ళో ఉందో, ఏ సందు తిరిగిందో ఫోన్లో బొమ్మ కదులుతూ చూపిస్తుంది. అయినా కాస్త ఆలస్యమైతే చాలు, మా వీధి జనం ఆ కుర్రాళ్ళని నిలబెట్టి తిడతారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఎదురుచూడటమంటే ఏమిటో వీళ్ళకేం తెలుసు? మా బావ పక్కన కూర్చుని, ఎన్నడూ చూడని దేశం నుంచి రావాల్సిన ఒక పెట్టె కోసం నెలల తరబడి కళ్ళు కాయలు కాయించుకున్నదాన్ని నేను. విచిత్రమేమిటంటే, ఆ రోజులు తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ వెనకే బెంగ కూడా వస్తుంది.

అది రెండువేల పదమూడు ప్రాంతం. సాలూరు మెయిన్ రోడ్డులో నాకొక నెట్ సెంటరుండేది. కంప్యూటర్లు, చెక్క పార్టిషన్లు, ఒక జెరాక్సు మిషను, పైన గడగడలాడే ఫ్యాను. హాల్ టికెట్లకీ, రిజల్ట్సుకీ జనం ఎగబడేవారు. కరెంటు పోతే అందరూ నన్నే తిట్టేవారు, సబ్ స్టేషను నేనే నడుపుతున్నట్టు. ఇప్పుడా గదిలో ఫోన్లకి తొడుగులు అమ్ముతున్నారు. అటువైపు వెళితే తల తిప్పుకుంటాను.

మా బావంటే మా అప్ప మొగుడు. మా వైపు అక్కని అప్ప అంటాం. బావ లారీ మనిషి. సాలూరులో పుట్టి లారీ మనిషి కాకుండా ఉండటం కష్టం. లారీ తనదే, తోలేదీ తనే. సుంకి దగ్గర ఘాటీ, అంటే కొండ దారి ఎక్కి, కొరాపుట్ మీదుగా రాయపూర్ లోడు దించి, మళ్ళీ లోడుతో దిగేవాడు. ఒక వానాకాలం అలా దిగుతుంటే బ్రేకులు పోయాయి. లోయవైపు పోనివ్వకుండా బండిని కొండకేసి కొట్టేశాడు కాబట్టి భుజం ఎముక విరగడంతో సరిపోయి బతికిపోయాడు. ఆస్పత్రి మంచం మీదే మా అప్ప అతని మంచి చెయ్యి లాక్కుని తన నెత్తిమీద పెట్టుకుంది.

"ఇంక ఘాటీ ఎక్కనని సెప్పు."

"ఎక్కనే."

"నా మీద ఒట్టు ఏసి సెప్పు."

"నీ మీద ఒట్టే. ఎక్కను."

మా బావ మాటంటే మాటే. లారీ అమ్మేశాడు. కానీ స్టీరింగు తప్ప వేరే పని ఎరగని మనిషి ఇంట్లో కూర్చుని ఏం చేస్తాడు? రోజూ నా నెట్ సెంటరుకొచ్చి పేపరు చదివేవాడు. అక్కడే బిట్‌కాయిన్ల సంగతి చెవిన పడింది. ఒక మిషనుంటుందనీ, దాన్ని కరెంటుకీ నెట్‌కీ తగిలించి వదిలేస్తే పగలూ రాత్రీ లెక్కలు కట్టుకుంటూ అదే సంపాదిస్తుందనీ నేనేదో చదివి చెబుతుంటే ఆయన పేపరు మడిచేశాడు.

"ఇంట్లోనే ఉంటాదా ఆ మిషను?"

"ఇంట్లోనే ఉంటుంది బావా."

"ఘాటీ ఎక్కక్కర్లేదు గదా?"

ఆ ప్రశ్నలోనే అంతా ఉంది. ఆ మిషనొస్తే మా అప్పకిచ్చిన మాట నిలుస్తుంది, ఇల్లూ నడుస్తుంది. లారీ అమ్మగా వచ్చిందాంట్లో పెద్ద భాగం అటు పంపాడు. అప్పుడు అవన్నీ ముందే డబ్బు కట్టి బుక్ చేసుకోవాల్సిందే. మిషనింకా తయారు కాలేదు, తయారవగానే పంపుతాం అని కంపెనీ చెప్పింది. అదేమీ ఆయనకి వింతగా అనిపించలేదు. లారీ కూడా అంతే కదా. కంపెనీ నుంచి ఇంజనూ చక్రాలే వస్తాయి. కేబినూ బాడీ మా ఊళ్ళో షెడ్డుకి అడ్వాన్సిచ్చి కట్టించుకోవాలి.

ఆయన ఇంటి వెనక గది ఖాళీ చేయించాడు. మిషను బాగా వేడెక్కుతుందంటే గోడకి కన్నం కొట్టించి పెద్ద ఫ్యాను పెట్టించాడు. గుమ్మానికి నిమ్మకాయా మిరపకాయలూ కట్టాడు. ఇంక మిషను రావడమే తరువాయి.

అది రాదే! చెప్పిన నెల గడిచింది. రెండు వారాల్లో పంపుతున్నాం అని మెయిలొచ్చింది. ఆ రెండు వారాలూ అయ్యాక మళ్ళీ అదే మెయిలు, అదే రెండు వారాలు. ఒకసారి చిప్పులు రాలేదన్నారు, ఒకసారి కరెంటు సప్లై భాగం బాగోలేదన్నారు. ప్రతి మెయిలు చివరా మా ఓపికకి కృతజ్ఞతలు. వాళ్ళ మొహం మండ, మాకు ఓపికుందని వాళ్ళకెవరు చెప్పారు?

"రెండు వారాలంటే ఏ రెండు వారాలో అడగవే," అన్నాడు బావ.

ఆలస్యమైతే ఏమవుతుందో నేనప్పటికే చదివి ఉన్నాను. లోకంలో ఇలాంటి మిషన్లు పెరిగేకొద్దీ ఒక్కోదానికి దక్కే వాటా తగ్గిపోతుంది. ముందొచ్చినదానికే విలువ. ఆలస్యంగా వచ్చిన మిషను పొద్దుగూకేదాకా అమ్ముడవని చేపలాంటిది. ఆ మాట చెప్తే బావ తల పంకించి, మర్నాడు పొద్దున్నే టిఫిన్ కేరేజీతో నా షాపు ముందు నిలబడ్డాడు, నేను షట్టరు ఎత్తకముందే.

బాడీ షెడ్డుల దగ్గర మా ఊళ్ళో ఒక పద్ధతుంది. అడ్వాన్సిచ్చిన ఓనరు రోజూ వెళ్ళి షెడ్డు ముందు కూర్చోవాలి. ఏమీ అనక్కర్లేదు, పోట్లాడక్కర్లేదు. బెంచీ మీద కూర్చుని కనబడుతుండాలి, అంతే. కూర్చోలేదంటే వడ్రంగుల్ని పక్క లారీ మీదకి మళ్ళించేస్తారు. ఎదురుగా మనిషి ముఖం కనబడుతుంటే అలా మళ్ళించడానికి మేస్త్రీకి మనసొప్పదు. మా బావ తన లారీ కట్టించినప్పుడు అలాగే కేరేజీ పట్టుకెళ్ళి పొద్దస్తమానం కూర్చునేవాడు. ఇప్పుడు కంపెనీ ముందు కూర్చుంటానని వచ్చాడు.

"బావా, వాళ్ళకి నువ్వు కనబడవు."

"నీ కంపూటరుకి కన్నున్నాది గదా. తియ్యి నా ఫోటో. పంపు."

నేను విరగబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. తువ్వాలు సర్దుకుని, టీ గ్లాసు చేత్తో పట్టుకుని, వెబ్‌కామ్ కేసి చూస్తూ కదలకుండా కూర్చున్నాడు. "బాబూ, నాను వచ్చి కూకున్నాను. మా మిషను సంగతి సూడండి" అని ఆయన చెబితే నాకొచ్చిన ఇంగ్లీషులో రాసి ఫోటోతో పంపాను. మీ మెయిలు మాకు ముఖ్యమైనది అని కంప్యూటరే జవాబిచ్చింది. ఆయన మర్నాడూ వచ్చాడు, ఆ మర్నాడూ వచ్చాడు. రోజూ ఒక ఫోటో తీయడం నాకూ అలవాటైపోయింది. కరెంటు లేని రోజు పాపం ఆయన షాపు అరుగు మీద కూర్చుని, వచ్చాక తీయించుకుని వెళ్ళేవాడు.

ఆ కంపెనీకే డబ్బు కట్టి మోసపోతున్నామేమో అని భయపడేవాళ్ళందరూ చేరి రాసుకునే సైటొకటుండేది. ఎక్కడెక్కడి మనుషులో! ఒకరోజు అక్కడ బావ ఫోటో పెట్టి, మా ఊరి షెడ్డుల పద్ధతంతా రాశాను. మర్నాడు తెరిచి చూస్తే, జర్మనీ నుంచి ఒక బట్టతలాయన ఒళ్ళో పిల్లిని పెట్టుకుని, కాఫీ కప్పుతో కూర్చుని తన ఫోటో పెట్టాడు. నేనూ షెడ్డు ముందే ఉన్నాను అని కింద రాశాడు. తర్వాత బ్రెజిల్ ఆయన బనీనుతో. ఎక్కడిదో ఒక ముసలావిడ ఊలు అల్లుకుంటూ. అలా రోజుకొకరు వచ్చి కూర్చున్నారు. కంపెనీ కూడా చూస్తుందని అందరూ వాళ్ళకీ పంపేవారు. నేనొక్కొక్క ఫోటో పెద్దది చేసి చూపిస్తుంటే బావ పలకరించేవాడు.

"ఈ బోడిగుండాయనికీ రాలేదేటి? పాపం, పిల్లి కూడా సిక్కిపోనాది."

నిజం చెప్పొద్దూ, నా షాపు అంత కళగా మళ్ళీ ఎప్పుడూ లేదు. జెరాక్సు తీయించుకోవడానికొచ్చినవాళ్ళు కూడా జర్మనీ ఆయన పిల్లి ఎలా ఉందని అడిగేవారు. టీ కొట్టాయన గ్లాసులతో పాటు తనూ వచ్చి నిలబడేవాడు. ఆ ముసలావిడ అల్లుతున్నది స్వెట్టరా, శాలువానా అని మాలో మాకు పందేలు. ముక్కూ ముఖం తెలియని మనుషుల మీద అంత ప్రేమ పుట్టిందంటే, అందరం ఒకే చేతిలో దెబ్బ తిన్నాం కాబట్టేనేమో.

కంపెనీ మీద మిగిలిన కాస్త నమ్మకం కూడా ఒక ఫోటోతో పోయింది. ఎవరికో మిషను అందింది. కొత్తదని పంపినదాని ఫ్యానుకి బూజులాగా దుమ్ము పట్టి ఉంది. మన మిషన్లని వాళ్ళే నడుపుకుని, పిండుకున్నాక మనకి పంపుతున్నారు అని సైటంతా గగ్గోలు. నిజమో అబద్ధమో తేల్చినవాళ్ళు లేరు. నేను చదివి చెప్పేలోపే బావకి ఆ దుమ్ము కనబడింది.

"తోలీసినార్రా! ఓ షెడ్డోడు కొత్త బండికి సెరుకు లోడు ఏసి తిప్పీసి, తరవాత ఓనరుకిచ్చినాడు. బాడీ సెక్కల్లో సెరుకు పిప్పి దొరికినాది. ఈళ్ళూ ఆ బాపతే."

"డబ్బు వెనక్కి అడుగుదాం బావా."

"అడుగు," అన్నాడు కానీ ఆ గొంతులో పస లేదు. అడిగాను. నీళ్ళు నమిలారు. తర్వాత కంపెనీ జవాబులివ్వడం కూడా తగ్గించి ముఖం చాటేసింది.

ఈ మధ్యకాలమంతా లారీ ఓనర్లు బావని పిలుస్తూనే ఉన్నారు. ఘాటీలో ఆయనంత నమ్మకమైన చెయ్యి ఇంకోటి లేదని వాళ్ళకి తెలుసు. మాటిచ్చీసినాను అని ఆయన పంపేసేవాడు. ఇంట్లో సరుకులు పలచబడుతున్నా అప్ప నోరెత్తలేదు. ఆయన రోజూ కేరేజీ కట్టించుకుని ఎక్కడికెళ్ళి కూర్చుంటున్నాడో ఆవిడ ఎప్పుడూ చూడలేదు కూడా. ఒకరోజు కేరేజీ మరిచిపోయి వచ్చేస్తే తనే పట్టుకొచ్చింది. బావ ఎదుటి కొట్లో టీ చెప్పడానికి వెళ్ళాడు.

"ఏటే, రోజూ ఈడ సేసేదేటి మీరు?" అంది.

నేను సరదాగా ఫోటోల ఫోల్డరు తెరిచాను. జర్మనీ ఆయన్నీ పిల్లినీ చూపించి నవ్విద్దామని నా ఉద్దేశం. ఆవిడ అవేమీ చూడలేదు. బావ ఫోటోలు మొదటి నుంచీ ఒక్కొక్కటీ తిప్పమంది. అదే కుర్చీ, అదే తువ్వాలు, అదే గ్లాసు. మొదటివాటిలో మీసం దువ్వుకుని, కొత్త లారీకి కొబ్బరికాయ కొట్టబోయే మనిషిలా ఉన్నాడు. తిప్పేకొద్దీ బుగ్గలు లోపలికి పోయాయి. చివరివాటిలో కెమేరా కేసి చూడటం కూడా మానేశాడు. రోజూ తీసిన నాకు అదేమీ కనబడలేదు. వరసగా చూసిన ఆవిడకి కనబడింది.

బావ టీ గ్లాసులతో వచ్చేసరికి అప్ప లేచి నిలబడి ఉంది.

"లే. ఎల్లు. ఎవుడు పిలుస్తన్నాడో ఆడి బండెక్కు."

"ఏటే ఇది? ఒట్టేసినాను గదా."

"నా నెత్తి మీద ఏసిన ఒట్టు. నానే తీసీస్తన్నాను." అని ఆయన చెయ్యి తన తలమీద పెట్టుకుని, తనే కిందికి దించింది. "ఘాటీలో పడిన నాడు కూడా నీ మొకం ఇలాగ లేదు. బతికి ఇలాగ కూకుంటే నానేటి సూడాల?"

బావ ఏడ్చాడు. మెయిన్ రోడ్డు మీది షాపులో, జనం చూస్తుండగా. నేను లేచి షట్టరు సగం దించేశాను. ఆ వారమే ఆయన రాయపూర్ లోడు ఎక్కాడు. అప్ప కేరేజీ కట్టి, లారీ మలుపు తిరిగేదాకా రోడ్డు మీదే నిలబడింది.

రెండు ట్రిప్పులు తిరిగొచ్చాడో లేదో, పెట్టె దిగింది! నన్నడిగితే గేటు బయటి నుంచే విసిరికొట్టమందును. బావ మాత్రం చంటిపిల్లని ఎత్తుకున్నట్టు వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. విప్పి, ఫ్యాను రెక్క మీద వేలితో గీశాడు. వేలికి దుమ్ము అంటుకుంది. లుంగీకి తుడుచుకున్నాడు. తగిలించి మీట వేస్తే ఇంట్లో బల్బులు డిమ్ముకొట్టి, లారీ ఘాటీ ఎక్కుతున్నంత మోత మొదలైంది. బావ తలవంచి విన్నాడు.

"ఇంజను బాగున్నాదే," అన్నాడు.

అది నిజమే. మిషను బాగానే ఉంది, దాని కాలమే అయిపోయింది. అది సంపాదించేది కరెంటు బిల్లుకి కూడా చాలదని నేను లెక్క చూసి చెప్పాను. మీట తీసేశాక ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైపోయింది. అప్ప గుమ్మం దగ్గర, ఎండిపోయిన నిమ్మకాయ కింద నిలబడి ఉంది. ఆవిడ మిషను కేసి చూడటం లేదు.

"ఇది సెప్పినప్పుడే వచ్చుంటే నువ్వు మళ్ళీ ఘాటీ ఎక్కేవోడివి కాదు గదా?" అంది.

బావ ఆవిడ ముఖం కేసి చూశాడు. ఒట్టు తీసేసినందుకు ఆవిడ లోపల ఎంత నలిగిపోతోందో ఆయనకి తెలిసిపోయింది.

"ఎక్కీవోణ్ణేలే," అన్నాడు తేలిగ్గా. "స్టీరింగు లేకపోతే నాకు తోస్తాదేటి? నువ్వు కాదన్నా దొంగసాటుగా ఎలిపోదును."

అప్ప ఆయన్ని భుజం మీద ఒక్కటి వేసి, ఎన్నాళ్ళకో నవ్వింది. ఆవిడ నమ్మింది. నేను నమ్మలేదు. ఆ మొదటి ఫోటోలు తీసింది నేను. మీసం దువ్వుకుని, ఇంక ఇంటి దగ్గరే ఉంటానని ఎంత సంబరంగా కూర్చున్నాడో నా కళ్ళతో చూశాను. ఇన్నాళ్ళూ మాట తప్పని మా బావ ఆ రోజు మా అప్ప కోసం అబద్ధమాడాడు. నేను వైర్లు చుట్టి పెట్టెలో పెట్టాను. తెల్లవారితే ఆయనకి లోడుంది.